పొగను పుట్టినచోటే పట్టుకోవాలి

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



వార్షిక సభ అంటే జమాఖర్చులు చదవడం, పిల్లలకు స్కాలర్‌షిప్పులు ఇవ్వడం, చదువు గొప్పతనం గురించి పెద్దలు నాలుగు మాటలు చెప్పడం ఆనవాయితీ. అవన్నీ ఇంతకుముందే చక్కగా జరిగాయి. నన్ను మాత్రం కార్యదర్శిగారు "మీరు పనికి సంబంధించింది చెప్పండి, మనవాళ్ళకు ఉపయోగపడాలి" అన్నారు. నేను ఐ.టి.ఐ.లో వెల్డింగు ట్రేడు నేర్పినవాణ్ణి. నాకు బాగా తెలిసిన పని అదే. అందుచేత వెల్డింగు పొగ గురించీ, దాన్ని షెడ్డులో ఎలా అదుపు చెయ్యాలన్న సంగతి గురించీ మనవి చేస్తాను.

ఈ విషయం ఈ సభకు ఎందుకంటారా? విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేచోట చూడండి. గేట్లు, గ్రిల్సు, రోలింగ్ షట్టర్లు చేసే షాపుల్లో చూడండి. హోల్డరు పట్టుకున్న ఉస్తాదుల్లో, పక్కన ముక్క పట్టుకుని నిలబడ్డ కుర్రాళ్ళలో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో నేను చెప్పనక్కర్లేదు. ఈ పనే మన ఇళ్ళలో పొయ్యి వెలిగిస్తున్నది. ఆ పనిచేసే మనిషి ఊపిరి నిలబడితేనే గదా ఇల్లు నిలబడేది!

ముందు ఈ పొగ ఏమిటో తెలుసుకుందాం. ఇది కట్టెల పొగ లాంటిది కాదు. ఇది లోహపు ఆవిరి. నీళ్ళు మరిగితే ఆవిరి లేచినట్టే, ఆర్కు వేడికి లోహం మరిగి ఆవిరవుతుంది. ఆ ఆవిరికి చల్లగాలి తగలగానే గడ్డకట్టి, కంటికి విడిగా కనిపించనంత సన్నని ధూళిగా మారుతుంది. ఆ రేణువుల్లో చాలా భాగం ఒక మైక్రాను కన్నా చిన్నవి. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. మన తలవెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. మామూలు దుమ్మయితే ముక్కులో, గొంతులో ఆగి తుమ్ముతోనో, కఫంతోనో బయటపడుతుంది. ఇది అక్కడ ఆగేది కాదు. ఊపిరితిత్తుల అడుగుదాకా పోయి కూర్చుంటుంది.

శుభ్రమైన ఇనుప పలక మీద వెల్డింగు చేసినప్పుడు వచ్చే పొగలో నూటికి తొంభై వంతులు రాడ్డునుంచీ, రాడ్డు మీది పూతనుంచీ వచ్చేదే. పలకనుంచి వచ్చేది కొద్దే. కాని ఆ పలక మీద జింకు పూత గాని, పాత రంగు గాని ఉంటే లెక్క మారిపోతుంది. జి.ఐ. పైపు సంగతే తీసుకోండి. ఇనుము కరగడానికి సుమారు 1540 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావాలి. జింకు 907 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. అంటే ఇనుము ఇంకా కరగకముందే జింకు ఆవిరై లేచిపోతుందన్నమాట. జి.ఐ. పైపు మీద రాడ్డు పెట్టగానే తెల్లగా గుప్పుమని లేచేది అదే.

ఆ తెల్లపొగ పీల్చిన మనిషికి అప్పటికప్పుడు ఏమీ అనిపించదు. నాలుగు గంటలకో, ఎనిమిది గంటలకో, ఇంటికి వెళ్ళి భోజనానికి కూర్చునే వేళకు నోట్లో లోహపు రుచి, గొంతు ఎండిపోవడం, చలి, వణుకు, ఒళ్ళునొప్పులు, జ్వరం మొదలవుతాయి. ఇంట్లోవాళ్ళు మలేరియా అనుకుంటారు. ఒకటి రెండు రోజుల్లో జ్వరం దానంతటదే పోతుంది. రోజూ అదే పొగలో ఉంటే ఒంటికి కాస్త అలవాటు పడి జ్వరం రాదు. ఒక్కరోజు సెలవు తీసుకుంటే ఆ అలవాటు పోయి, మళ్ళీ పనికి వెళ్ళిన మొదటి రోజే పట్టుకుంటుంది. అందుకే పాశ్చాత్య దేశాల కార్మికులు దీన్ని సోమవారపు జ్వరం అన్నారు. శుక్రవారం సెలవిచ్చే మన షెడ్డుల్లో అది శనివారపు జ్వరం అవుతుంది. సెలవు మర్నాడు రాత్రి జ్వరం వచ్చే వెల్డరు ఇంట్లో ఉంటే, అతను ఏ లోహం మీద పనిచేశాడో డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

ఒక హెచ్చరిక. కాడ్మియం పూత ఉన్న బోల్టులూ, కాడ్మియం కలిసిన వెండి టాంకీ కడ్డీలూ వేడిచేసినా మొదట ఇలాంటి జ్వరమే వస్తుంది. కాని అది ఊరికే పోదు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ప్రాణం తీయగలదు. జ్వరంతోపాటు ఆయాసం కనిపిస్తే తెల్లవారేదాకా చూడవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

జ్వరం తెచ్చే పొగ కనీసం తన సంగతి తాను చెప్పుకుంటుంది. చెప్పకుండా చేరేవి వేరే ఉన్నాయి. రాడ్డులో మాంగనీసు ఉంటుంది. అది ఇనుముకన్నా తక్కువ వేడికే మరుగుతుంది గనుక రాడ్డులో ఉన్న పాళ్ళకన్నా పొగలో ఎక్కువ పాళ్ళు చేరుతుంది. ఏళ్ళతరబడి పీలిస్తే మెదడు మీద పనిచేస్తుంది. చెయ్యి వణకడం, నడక తడబడటం, ముఖంలో కదలిక తగ్గడం, చిన్న విషయానికే కోపం రావడం దాని గుర్తులు. స్టెయిన్‌లెస్ స్టీలు మీద పనిచేస్తే క్రోమియం, నికెలు కలిసిన పొగ వస్తుంది. అందులో ఉండే ఒక రకం క్రోమియం క్యాన్సరు తెస్తుంది. పాత లారీ క్యాబిను మీది రంగులో సీసం ఉండవచ్చు. వీటికి తోడు ఆర్కు వెలుగుకు, వేడికి గాలిలోనే ఓజోను, నైట్రోజను ఆక్సైడు వాయువులు పుడతాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధంగా ఫ్రాన్సు దేశపు లియాన్ నగరంలో క్యాన్సరు పరిశోధనా సంస్థ ఒకటి ఉంది. 1990లో అది వెల్డింగు పొగను "క్యాన్సరు కలిగించవచ్చు" అనే తరగతిలో ఉంచింది. 2017 మార్చిలో మళ్ళీ పరిశీలించి ఆ "వచ్చు" తీసేసింది. ఈ పొగ మనుషులకు ఊపిరితిత్తుల క్యాన్సరు కలిగిస్తుందని తేల్చి మొదటి తరగతిలో చేర్చింది. స్టెయిన్‌లెస్ స్టీలు పొగ ఒక్కటే కాదు, మామూలు ఇనుము పొగ కూడా ఇందులోకే వస్తుంది. అప్పుడే ఆ శాస్త్రజ్ఞులు ఒక అంచనా చెప్పారు. ప్రపంచంలో వెల్డరు అని పేరున్నవాళ్ళు సుమారు 1 కోటి 10 లక్షలమంది ఉంటే, ఆ పేరు లేకుండా ఈ పొగ పాలిట పడేవాళ్ళు మరో 11 కోట్లమంది అట. అంటే ఒక్కొక్క వెల్డరు పక్కన పదేసి మంది. మన షెడ్డులో ఆ పదిమంది ఎవరు? ముక్క పట్టుకునే కుర్రాడు, పక్కన గ్రైండింగు చేసేవాడు, రంగు వేసేవాడు, టీ తెచ్చే పిల్లవాడు.

ఇక మనవాళ్ళు చేసుకునే ఉపాయాలు చూద్దాం. "పని అయ్యాక గ్లాసెడు పాలు తాగితే పొగ దిగిపోతుంది" అంటారు. "బెల్లం ముక్క నమిలితే చాలు" అంటారు. పాలు మంచివే, బెల్లమూ మంచిదే. కాని అవి పోయేది కడుపులోకి. పొగ పోయేది ఊపిరితిత్తుల్లోకి. ఆ రెండిటి దారులూ గొంతు దగ్గరే విడిపోతాయి. చేతిరుమాలు తడిపి ముక్కుకు కట్టుకునేవారూ ఉన్నారు. రుమాలు నేతలోని సందులు ఈ రేణువుకు కోటగుమ్మాలు! ఇవన్నీ మనసుకు ధైర్యం చెప్పేవే గాని పొగను ఆపేవి కావు.

"ఇన్నేళ్ళనుంచి చేస్తున్నాం, ఏమైంది ఉస్తాద్?" అని అడిగేవారికి ఒక్క మాట. ఏమీ కానివాళ్ళే షెడ్డులో మిగిలి ఈ మాట అనగలుగుతున్నారు. ఆయాసం పట్టినవాడు పని మానుకుని ఇంట్లో కూర్చున్నాడు. అతన్ని ఇక్కడికి పిలిచి అడగాలి.

సరే, ఏం చెయ్యాలి? నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇది. పొగను మనిషి ముక్కు దగ్గర ఆపాలని చూడకండి. పుట్టినచోటే పట్టుకోండి. మాస్కు చివరి మెట్టు, మొదటి మెట్టు కాదు. మెట్లు వరసగా చెబుతాను.

మొదటి మెట్టు, పొగ తక్కువ పుట్టేట్టు చూడటం. వెల్డింగు పడేచోట జింకు పూతగాని, రంగుగాని రెండువైపులా కనీసం రెండంగుళాల మేర గ్రైండింగు చేసి తీసేయండి. ఆ గ్రైండింగు ఆరుబయట, మాస్కు పెట్టుకుని చెయ్యాలి. బోల్టుతో సరిపోయేచోట వెల్డింగు అక్కర్లేదు. రాడ్డు పెట్టె మీద ఇంత ఆంపియర్లని రాసి ఉంటుంది. తొందరగా పని కావాలని అంతకన్నా పెంచితే రాడ్డుతో పాటు పొగా పెరుగుతుంది. ఆర్కు పొట్టిగా ఉంచండి. క్లోరిన్ కలిసిన మందులతో జిడ్డు కడిగిన పలకను తడి ఆరకుండా వెల్డింగు చెయ్యవద్దు. ఆర్కు వెలుగు తగిలితే ఆ ఆవిరినుంచి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది.

రెండో మెట్టు, మనిషి కూర్చునే తీరు. పొగ పైకి లేస్తుంది. నేలమీద ముక్క పెట్టి గొంతుకూర్చుని దాని మీదికి వంగితే, లేచే పొగకు ఎదురుగా మన ముఖమే గొట్టం మూతిలాగా ఉంటుంది. నల్ల అద్దం కంటిని కాపాడుతుంది గాని ముక్కును కాపాడదు. పనిని నడుమెత్తు బల్లమీదికి తెచ్చుకోండి. ముక్కను తిప్పుకోడానికి స్టాండు చేసుకోండి. తల పొగ దారికి పక్కన ఉండాలి. గాలి వీపు వైపునుంచి వస్తే మంచిదనుకుంటారు. అప్పుడు మన ఛాతీ ముందు సుడి తిరిగి పొగ మళ్ళీ ముఖంలోకే వస్తుంది. గాలి పక్కనుంచి రావాలి, ఎడమనుంచి కుడికో, కుడినుంచి ఎడమకో. ఇందుకు పైసా ఖర్చు లేదు.

మూడో మెట్టే అసలైనది: పొగను లాగెయ్యడం. చాలా షెడ్డుల్లో పైన గోడకు ఎగ్జాస్టు ఫ్యాను పెట్టి "మాకు ఫ్యాను ఉందిగా" అంటారు. ఆ ఫ్యాను దగ్గరికి పొగ వెళ్ళేలోపల దారిలో వెల్డరు ముఖం తగులుతుంది. షెడ్డు గాలి మార్చడానికి అది పనికొస్తుంది గాని వెల్డరును కాపాడదు.

దీపాన్ని మూరెడు దూరంనుంచి ఊది ఆర్పగలం. అంత దూరంనుంచి గాలి పీల్చి ఆర్పగలమా? ఆర్పలేం. ఊదిన గాలి గొట్టం మూతికి ముప్ఫై రెట్ల దూరం పోయినా వేగం పదోవంతు మిగిలి ఉంటుంది. పీల్చే గాలి వేగం మూతి వెడల్పంత దూరంలోనే పదోవంతుకు పడిపోతుంది. అందుచేత పీల్చే మూతి ఆర్కుకు దగ్గరగా ఉండాలి. లెక్క చెబుతాను. ఆర్కు దగ్గర పొగను పట్టడానికి గాలి నిమిషానికి నూరడుగుల వేగంతోనైనా కదలాలి. ఆరంగుళాల గొట్టం మూతి ఆర్కుకు ఆరంగుళాల దూరంలో ఉంటే నిమిషానికి సుమారు 270 ఘనపుటడుగుల గాలి లాగితే సరిపోతుంది. అదే మూతిని అడుగు దూరానికి జరిపారా, 1,000 ఘనపుటడుగులు దాటాలి. దూరం రెండింతలైతే గాలి దాదాపు నాలుగింతలు కావాలి. పెద్ద ఫ్యాను కొనడంకన్నా చిన్న బ్లోయరును దగ్గరికి జరుపుకోవడం మేలు.

గొట్టం మూతి చుట్టూ వెడల్పాటి రేకు అంచు పెడితే వెనకనుంచి వృథాగా వచ్చే గాలి ఆగి, కావలసిన గాలి సుమారు పావువంతు తగ్గుతుంది. బ్లోయరు, వంగే గొట్టం, రేకు మూతి, చక్రాల స్టాండు, ఇంతే సామాను. లాగిన పొగను కప్పు పైకి వదలాలి, పక్కింటి కిటికీలోకి కాదు. లారీ బాడీ మొత్తం కట్టే చేతులకు ఒక రేకు మూతి వంచడం కష్టమా? ఒక్క జాగ్రత్త: సి.ఓ.టూ, ఆర్గాన్ వెల్డింగుల్లో మరీ గట్టిగా లాగితే కాపలా గ్యాసు చెదిరి అతుకులో బుడగలు పడతాయి. మూతిని కొద్ది కొద్దిగా జరిపి చూసుకోండి.

ట్యాంకరు లోపల పని గురించి విడిగా చెప్పాలి. నీళ్ళ ట్యాంకరైనా, నూనె ట్యాంకరైనా లోపల దిగి వెల్డింగు చేసేటప్పుడు పొగ పోవడానికి చోటు లేదు. ఆర్గాన్, సి.ఓ.టూ గ్యాసులు అడుగున చేరి ప్రాణవాయువును తోసేస్తాయి. ముందు లోపలి గాలి పరీక్షించాలి. పనిచేస్తున్నంతసేపూ బయటిగాలి పంపుతూ, పొగ లాగుతూ ఉండాలి. మూత దగ్గర ఒక మనిషి కదలకుండా కాపలా ఉండాలి. లోపలివాడు పడిపోతే పైవాడు గబుక్కున దూకకూడదు. దూకితే ఇద్దరూ పోతారు. ముందే నడుముకు కట్టిన తాడుతో లాగాలి. ఉక్కపోస్తోందని సిలిండరునుంచి ఆక్సిజను లోపలికి వదలడం మహా ప్రమాదం. ఆక్సిజను నిండిన చోట ఒక్క నిప్పురవ్వకు ఒంటిమీది బట్టలు భగ్గుమంటాయి.

ఇప్పుడు చివరి మెట్టు, మాస్కు. కరోనా కాలంలో ఎన్-95 పేరు అందరికీ తెలిసింది. ఆ తరగతి మాస్కుగాని, మన దేశపు ఐ.ఎస్. 9473 ముద్ర ఉన్న ఎఫ్.ఎఫ్.పి.-2 రకంగాని ధూళిని ఆపుతాయి. గుడ్డ మాస్కూ, ఆసుపత్రి నీలం మాస్కూ చాలవు. అయితే ఏ మాస్కైనా చర్మానికి గట్టిగా అంటుకుంటేనే పనిచేస్తుంది. గడ్డం ఉన్న ముఖానికి అది అంటుకోదు. వెంట్రుకల సందుల్లోంచి పొగ లోపలికి వస్తుంది. మన ఉస్తాదుల్లో చాలామందికి గడ్డం ఉంది. గడ్డం తియ్యమని నేను అనను, ఎవరూ అననవసరం లేదు. అలాంటివారికి బ్యాటరీతో గాలి వడకట్టి తలమీద టోపీలోకి ఊదే పరికరాలున్నాయి. అవి గడ్డంతోనూ పనిచేస్తాయి, కాని ఖరీదెక్కువ. కాబట్టి పొగను పుట్టినచోటే పట్టే పని అందరికంటే మనకు ఎక్కువ అవసరం. పైగా ఎన్-95 ఓజోను వంటి వాయువులను ఆపదు. రోజా ఉన్న నెలలో ఎండకు, మంచినీళ్ళు తాగని గొంతుతో మాస్కు బిగించుకుని పనిచేయడం కూడా తేలిక కాదు. ఆ నెలలో పొగ ఎక్కువ వచ్చే పని ఉదయమే ముగించుకునే ఏర్పాటు యజమానులు చేయవచ్చు.

చట్టం ఏమంటుంది? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షన్‌లోనే, పొగను లాగే సాధనం అది పుట్టేచోటుకు వీలైనంత దగ్గరగా ఉండాలని రాశారు. నేను ఇందాకటినుంచి చెబుతున్నది కొత్త సంగతి కాదు. కాని ఆ చట్టం కరెంటుతో పనిచేసేచోట పదిమంది కార్మికులుంటేనే ఫ్యాక్టరీ అన్నది. 2020 నాటి కోడ్ ఆ సంఖ్యను ఇరవైకి పెంచింది. నలుగురు పనిచేసే మన షెడ్డుకు ఇన్‌స్పెక్టరు రాడు, నోటీసు ఇవ్వడు. బ్రిటన్‌లో 2019లో ప్రభుత్వ అధికారులు లోపల చేసే ఏ వెల్డింగుకైనా, ఎంత కొద్దిసేపు చేసినా, పొగ లాగే ఏర్పాటు ఉండాలని కచ్చితం చేశారు. మనకు ఆ అధికారి రాడు. యజమానే అధికారి, ఉస్తాదే ఇన్‌స్పెక్టరు.

కుర్రాళ్ళ మాట చెప్పి ముగిస్తాను. పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవద్దని 2016 సవరణ చట్టం చెబుతున్నది. ఆ వయస్సు దాటిన పిల్లవాణ్ణి తండ్రి "మీ చేతిలో పెడుతున్నా ఉస్తాద్" అని అప్పగిస్తాడు. ఉస్తాదు ముఖానికి నల్ల అద్దమైనా ఉంది. ముక్క పట్టుకున్నవాడికి అదీ లేదు. ముఖం పక్కకు తిప్పుకుంటాడు, ఊపిరి మాత్రం అదే గాలి పీలుస్తాడు. యాభై ఏళ్ళ వయస్సులో పొగ మొదలుపెట్టినవాడికీ, పదిహేనేళ్ళకు మొదలుపెట్టినవాడికీ తేడా ఉంది. వాడి ముందు ఇంకా నలభై ఏళ్ళ పని ఉంది. ముక్క పట్టడానికి క్లాంపు ఉంటే చాలు, పిల్లవాడు అక్కర్లేదు.

అక్కచెల్లెళ్ళకు రెండు మాటలు. పని బట్టలు ఇంట్లో బట్టలతో కలపకుండా విడిగా ఉతకండి. చేతులు, ముఖం సబ్బుతో కడుక్కున్న తర్వాతే అన్నం, ఆ తర్వాతే పిల్లవాణ్ణి ఎత్తుకోవడం. మానని దగ్గు, ఆయాసం, చేతి వణుకు మగవాళ్ళు దాచుకుంటారు. మీరు దాచనివ్వవద్దు. వెల్డర్లకు న్యుమోనియా ఎక్కువగా వస్తుంది. బ్రిటన్‌లో లోహపు పొగలో పనిచేసేవారికి దాని టీకా సంగతి ఆలోచించమని వైద్యులకు సూచన ఉంది. మీ డాక్టరును అడగండి.

కార్యవర్గానికి మూడు మనవులు. ఒకటి, సంఘం ఖర్చుతో చక్రాల మీద తిరిగే బ్లోయరు ఒకటి చేయించి, ఏ షెడ్డుకు కావాలంటే ఆ షెడ్డుకు వారం రోజులు ఇచ్చి చూపించాలి. చూసినవాళ్ళు రెండోది తామే చేసుకుంటారు. రెండు, మన సభ్యుల షెడ్డుల్లో పద్దెనిమిదేళ్ళు నిండని కుర్రాణ్ణి ఆర్కు దగ్గర నిలబెట్టమని ఈ సభలో తీర్మానం చేయాలి. మూడు, ఏడాదికొకసారి వెల్డర్లకు ఊపిరి పరీక్షల శిబిరం పెట్టాలి. ఈ మూడింటికీ నా చేతనైన పని నేను చేస్తాను. బ్లోయరు మూతికి కొలతలు గీసి ఇవ్వడం నా వంతు.